కళ్ళు తిరిగినప్పుడు కుర్చీయా, నేలా?

"గుండెకేమీ లేదు, బీపీ ఒక్కసారిగా జారిపోయి సొమ్మసిల్లారు, అంతే" అని డాక్టరు గారు చెప్పి పంపాక చాలామంది నేరుగా నా బల్ల దగ్గరికి వస్తారు. ముఖంలో భయం తగ్గి ఉంటుంది కానీ ఒక ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. "మళ్ళా వస్తే ఏం చేయాల సిస్టర్? కుర్చీలో కూర్చోవాల్నా, పడుకోవాల్నా? సోడా తాగితే సరిపోతుందా?" తిరుపతిలో గుండె జబ్బుల ఓపీలో నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి రోజూ వినేదే. చుట్టాలు ఫోన్ చేసి అడిగేదీ ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చిన మాటల్ని ఈసారి ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది డాక్టరు చూసి, ఈసీజీ తీయించి, 'వేసోవేగల్' రకమే అని తేల్చిన వాళ్ళ కోసం. ఎక్కువసేపు నిలబడితే, ఎండ తగిలితే, సూది పొడిస్తే, రక్తం చూస్తే వచ్చే రకం అది. మిగతావాళ్ళ సంగతి చివర్లో చెబుతాను, అది తప్పకుండా చదవండి.

మన వాళ్ళకు ముందు గుర్తొచ్చేది కుర్చీ. పెళ్ళి పందిట్లో ఎవరికైనా కళ్ళు తిరిగితే నలుగురు "కుర్చీ తే, కుర్చీ తే" అంటారు. కూర్చోబెడతారు, ఇద్దరు భుజాలు పట్టుకుంటారు, ఒకరు ముఖాన నీళ్ళు చల్లుతారు, ఇంకొకరు నోట్లో నీళ్ళు పోస్తారు. అందరిదీ మంచి మనసే. నిలబడి ఉండటం కంటే కూర్చోవడం నయం, పడినా తక్కువ ఎత్తు నుంచి పడతారు. కానీ కుర్చీలో కాళ్ళు కిందికి వేలాడుతూనే ఉంటాయి. నిలబడినప్పుడు అర లీటరుకు పైగా రక్తం నడుము కిందికి దిగుతుంది. ఆ దిగిన రక్తంలో ఎక్కువ భాగం కుర్చీలో కూర్చున్నా అక్కడే ఉండిపోతుంది. తల పైనే ఉంటుంది, బీపీ కిందే ఉంటుంది. అసలే కొట్టుకోవడం నెమ్మదించిన గుండె ఆ ఎత్తుకు రక్తాన్ని ఎక్కించాలి.

ఇది నాకు పుస్తకంలో చదవడానికి ముందే ఒంటికి తెలిసింది. నర్సింగ్ చదివే రోజుల్లో మొదటిసారి ఆపరేషన్ థియేటర్లో నిలబడినప్పుడు చెమటలు పట్టి, చెవుల్లో హోరు మొదలై, చూపు మసకబారింది. పక్కనున్న ఇద్దరు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి గట్టిగా పట్టుకున్నారు. పడిపోనివ్వలేదు, నిజమే. కానీ ఒకసారి తెలివి వచ్చి, మళ్ళీ పోయింది. చేతులు కొట్టుకున్నాయట. "ఫిట్స్ వచ్చినాయి" అని ఎవరో తాళాలు నా చేతిలో పెట్టారట. చివరకు ఒక సీనియర్ సిస్టర్ వచ్చి నేల మీద పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకుంటే నిమిషంలోపే తేరుకున్నాను. ఆ కొట్టుకోవడం ఫిట్స్ కాదు, మెదడుకు రక్తం అందక వచ్చిన కుదుపు. నన్ను నిటారుగా పట్టుకోవడం వల్లే అది రెండోసారి వచ్చింది.

అందుకే నా ఓటు నేలకే. వెల్లకిలా పడుకుని, కాళ్ళు గోడకో బ్యాగు మీదో పెట్టుకుంటే కాళ్ళలో నిలిచిన రక్తం గుండెకు తిరిగొస్తుంది. తల, గుండె ఒకే మట్టంలో ఉంటాయి. నెలలు నిండుతున్న గర్భిణులైతే వెల్లకిలా వద్దు, ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. ఇంకొకరు సొమ్మసిల్లినప్పుడు కూడా ఇదే. పడుకోబెట్టండి, కాళ్ళు ఎత్తండి, చుట్టూ మూగకుండా గాలి ఆడనివ్వండి. తెలివి లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకండి, పొర పోతుంది. ఊపిరి మామూలుగా ఉండి తెలివి రాకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఊపిరే లేదనిపిస్తే వెంటనే ఫోన్ చేసి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

ఇంత తేలికైనదాన్ని ఎందుకు చేయరు? ఇన్నేళ్ళలో నాకు అర్థమైన కారణం ఒక్కటే, సిగ్గు. పట్టు చీర కట్టుకున్న ఆవిడ కల్యాణ మండపం నేల మీద ఎలా పడుకుంటుంది? కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడు ఆఫీసు మధ్యలో పడుకుంటాడా? దాంతో ఏం చేస్తారంటే, కళ్ళు బైర్లు కమ్ముతున్నా ఎవరికీ చెప్పకుండా బాత్రూమ్ వైపు నడుస్తారు. ముఖం కడుక్కుంటే పోతుందనుకుంటారు. తలుపు గడియ పెట్టుకుంటారు. నేను చూసిన తల గాయాల్లో చాలా మటుకు ఆ బాత్రూమ్ గచ్చు మీద, వాష్‌బేసిన్ అంచు మీద తగిలినవే. ఈ రకం సొమ్మసిల్లడం దానంతట అది ప్రాణం మీదికి తేదు, తెచ్చేది పడటమే. కాబట్టి ఏది మేలు అని తూచేటప్పుడు బీపీని ఎంత పెంచుతుందనేదే కాదు, పదిమంది ముందు చేయగలమా అనేదీ చూడాలి. నా లెక్కలో రెండోదే పెద్దది.

అక్కడే గొంతుక్కూర్చోవడం ముందుకొస్తుంది. రెండు పాదాలూ నేలకు ఆన్చి, మోకాళ్ళు మడిచి, పిరుదులు మడమల దాకా దించి కూర్చోవడం. మన అవ్వలు గంటలు గంటలు అలా కూర్చునే కూరగాయలు తరిగేవాళ్ళు. తొడలూ పొట్టా నొక్కుకుపోయి, అక్కడి రక్తం పైకి నెట్టుకొస్తుంది, బీపీ వెంటనే లేస్తుంది. చూసేవాళ్ళకు చెప్పు సరిచేసుకుంటున్నట్టే ఉంటుంది. పడినా తల నేలకు దగ్గరే. తిరుమల కంపార్ట్‌మెంట్లో ఉన్నంతసేపు కూర్చోవచ్చు, తలుపు తీశాక కదిలీ కదలని లైన్లో నిలబడటమే కష్టం. అక్కడ పడుకునే చోటు ఉండదు, గొంతుక్కూర్చునే చోటు ఉంటుంది. వెనకవాళ్ళు తోసుకొస్తారని భయముంటే పక్క కడ్డీ పట్టుకుని, ముందే తోడున్నవాళ్ళకు చెప్పి కూర్చోండి. ఒక్క జాగ్రత్త, లేచేటప్పుడు బీపీ మళ్ళీ జారుతుంది. ఒక్క ఉదుటున లేవకుండా, తొడలు బిగించి, దేన్నయినా పట్టుకుని నెమ్మదిగా లేవాలి. మోకాళ్ళు అరిగినవాళ్ళకు ఇది కుదరదు, వాళ్ళు నేరుగా నేల మీద బాసిపట్టు వేసుకుని తల వంచుకుంటే కొంత నయం.

నిలబడే చేయగలిగింది ఇంకొకటుంది. ఒక కాలి మీదుగా ఇంకో కాలు మెలేసి, తొడలు, పిరుదులు, పొట్ట గట్టిగా బిగించాలి. లేదా రెండు చేతుల వేళ్ళూ కొక్కెంలా తగిలించి ఎదురెదురుగా లాగాలి. ఊపిరి మాత్రం బిగపట్టకూడదు. ఇది వట్టి మాట కాదు. 2006లో అచ్చయిన ఒక పరిశోధనలో 223 మందిని రెండు జట్లు చేశారు. మామూలు సలహాలు మాత్రమే విన్నవాళ్ళలో సుమారు 51 శాతం మంది మళ్ళీ సొమ్మసిల్లితే, ఈ బిగింపులు కూడా నేర్చుకున్నవాళ్ళలో 32 శాతం మందే సొమ్మసిల్లారు. మాత్ర లేదు, ఖర్చు లేదు. అయినా 32 శాతం అంటే తక్కువేమీ కాదు కదా. అందుకని దీన్ని నేల చేరే దాకా సమయం కొనిపెట్టే పనిగానే చెబుతాను. బిగించండి, బిగిస్తూనే కూర్చునే చోటు వెతకండి. ముందస్తు సూచనలు లేకుండా టక్కున పడిపోయేవాళ్ళకు ఇది ఉపయోగపడదు. మీ ఒంటి సూచన ఏదో మీకు తెలిసి ఉండాలి. ఒకరికి ఆవులింతలు, ఒకరికి కడుపులో తిప్పడం, ఒకరికి మెడ మీద చల్లటి చెమట. అది గుర్తుపట్టిన క్షణమే పని మొదలుపెట్టాలి, "చూద్దాంలే" అనుకుంటే ఉన్న ఆ కొద్ది సెకన్లూ పోతాయి.

నీళ్ళూ ఉప్పూ సొమ్మసిల్లడం రాకుండా చూసుకోవడానికి పనికొస్తాయి కానీ వచ్చాక కాపాడవు. బీపీ, కిడ్నీ, గుండె జబ్బులు లేనివాళ్ళు రోజుకు రెండు మూడు లీటర్ల నీళ్ళు తాగాలి, ఉప్పు కొంచెం ఎక్కువే తినవచ్చు. ఉప్పు వేసిన మజ్జిగ, మజ్జిగ కలిపిన రాగి అంబలి మన ఎండలకు చాలా మంచివి, గోలీ సోడా కంటే వెయ్యి రెట్లు మేలు. గంగ జాతర రోజుల్లో బయటికి వెళ్ళే ముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగి వెళ్ళండి. ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకోవడం విరేచనాలతో ఎండిపోయినప్పుడు సరే, మామూలుగా అయితే పడుకున్నందుకే తేరుకుంటారు, ఆ పేరు సెలైన్‌కు వస్తుంది. మాత్రల్లో మిడోడ్రిన్ కొందరికి పనిచేస్తుంది. ఎన్ని చేసినా మాటిమాటికీ పడిపోయేవాళ్ళకు డాక్టరే రాస్తారు, అడిగి తీసుకునేది కాదు.

ఇక ఈ లెక్కలేవీ వర్తించనివాళ్ళు. అలిపిరి మెట్లు 3,550 అంటారు. గాలిగోపురం దగ్గర ఆగి నిలబడ్డాక కళ్ళు తిరగడం వేరు, మెట్టెక్కుతూ ఎక్కుతూ ఉండగానే కుప్పకూలడం వేరు. ఆగాక వచ్చింది చాలాసార్లు మామూలుదే, కాలి కండరాలు రక్తాన్ని పైకి నెట్టడం ఆపేస్తాయి కాబట్టి. ఎక్కుతుండగా వచ్చిందంటే మాత్రం గుండె డాక్టరు చూసేదాకా మెట్ల జోలికి పోవద్దు. పడుకుని ఉండగా స్పృహ తప్పినా, ముందు గుండె దడదడలాడినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా, అరవై దాటాక మొదటిసారి వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి రండి. తెలివొచ్చాక కూడా చాలాసేపు అయోమయంగా ఉంటే, నాలుక పక్కన కొరుక్కుంటే అది ఫిట్స్ కావచ్చు. కొత్తగా బీపీ మాత్ర మొదలుపెట్టినా, డోసు పెంచినా ఆ చీటీ తెచ్చి చూపించండి.

షుగర్ ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా చెబుతున్నాను. దర్శనం అయ్యేదాకా ఏమీ తినకూడదని మొక్కుకుని, పొద్దున మాత్రో ఇన్సులినో వేసుకుని లైన్లో నిలబడేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు వచ్చే చెమట, వణుకు బీపీవి కాకపోవచ్చు. పడుకోబెట్టినా తగ్గదు. తెలివి ఉంటే వెంటనే చక్కెరో, గ్లూకోజో, తీపి పాలో ఇవ్వాలి. కొండకు వెళ్ళే రెండు రోజుల ముందే డాక్టరును అడిగి మాత్రల సంగతి తేల్చుకోండి.

పోయిన నెల ఒక డిగ్రీ అమ్మాయి రెండోసారి చూపించుకోవడానికి వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు నుదుటి మీద ఐదు కుట్లున్నాయి, హాస్టల్ బాత్రూమ్‌లో పడింది. నేలంటే "అందరూ చూస్తారు మేడమ్" అని తల అడ్డంగా ఊపింది. అందుకని ఓపీ వరండాలోనే నాలుగైదు సార్లు గొంతుక్కూర్చోబెట్టి లేపాను. వాళ్ళ అమ్మకు మాత్రం "పాపను కుర్చీలో పెట్టొద్దు, పడుకోబెట్టు, ఎవరు లేపబోయినా లేపనివ్వొద్దు" అని మూడుసార్లు చెప్పించాను. ఈసారి నవ్వుతూ వచ్చింది. బస్సులో నిలబడి ఉండగా చెవుల్లో హోరు మొదలైందట. కాలి పట్టీ సరిచేసుకుంటున్నట్టు కిందికి కూర్చుండిపోయిందట. రెండు స్టాపులు దాటేదాకా లేవలేదట. ఎవరో ఆంటీ సీటు ఇచ్చినా వెంటనే లేవకుండా, ముందు తొడలు బిగించి, కడ్డీ పట్టుకుని లేచిందట.