ఇంగ్లీషు ఊరి పేర్లకు ఫోర్వో, నాటింగమ్ సైట్లు: ఏది దేనికి పనికొస్తుంది?

బ్రిటన్‌లో ఉన్న రెడింగ్‌ను 'రీడింగ్' అనీ, వుస్టర్‌ను 'వోర్సెస్టర్' అనీ మనవాళ్లు చదవడం సహజమే. తెలుగులో రాసిందంతా పలుకుతాం, ఇంగ్లీషువాళ్లు పేరులో సగం మింగేస్తారు. పోనీ సూత్రం పెట్టుకుందామన్నా కుదరదు. లెస్టర్, గ్లాస్టర్‌లలో నడిమి అక్షరాలు మాయమవుతాయి, సైరెన్సెస్టర్‌లో మాత్రం నిక్షేపంగా పలుకుతాయి. అందుకే చెవితో వినడమే దారి. చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్లకు, రకరకాల దేశాలవాళ్లు మాటలను పలికి పెట్టిన రికార్డింగులు వినిపించే ఫోర్వో నిజంగా పనికొచ్చే సైటు.

పేరు టైప్ చేసి వెతికాక ఇంగ్లీషు విభాగంలోకే వెళ్లండి. అదే స్పెల్లింగును వేరే భాషలవాళ్లు తమ తీరులో పలికిన రికార్డింగులూ ఆ పేజీలోనే ఉండొచ్చు. ప్రతి రికార్డింగు పక్కన పలికినవారి దేశం ఉంటుంది. ప్లే నొక్కేముందు చూడాల్సింది అదే. బ్రిటన్ నగరం బర్మింగమ్, అమెరికాలోని అలబామాలో అదే స్పెల్లింగున్నది బర్మింగ్‌హామ్, చివరి 'హామ్' స్పష్టంగా వినిపిస్తుంది. టెక్సస్ నగరం హ్యూస్టన్, న్యూయార్క్‌లో అదే స్పెల్లింగున్న వీధి హౌస్టన్. విన్నవాళ్ల ఓట్లు ఎక్కువ పడ్డాయని మొదటి రికార్డింగునే పట్టుకుంటే బోల్తా పడేది ఇక్కడే. రెండు మూడు గొంతులు విని, ఏ అక్షరం మీద ఊనిక పడుతోందో గమనించండి.

ఫోర్వోలో అర్థం దొరకదు. దానికి నాటింగమ్ విశ్వవిద్యాలయంవారి 'కీ టు ఇంగ్లిష్ ప్లేస్-నేమ్స్' చూడాలి, ఇదీ ఉచితమే. ఊరిని ఎంచుకుంటే పేరును ముక్కలు చేసి, ఏ ముక్క ఏ భాషదో, దాని అర్థమేమిటో చూపిస్తుంది. నాటింగమ్ పేరే తీసుకోండి: స్నాట్ అనే మనిషి తాలూకు జనం ఉండే ఊరు అని అర్థం. 1086 నాటి భూముల లెక్కల్లో పేరు 'ఎస్'తోనే మొదలవుతుంది, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచిన నార్మన్ల నోట్లో పడి అది రాలిపోయింది. ఈ సైటు అసలు గొప్పతనం 'హామ్' దగ్గర తెలుస్తుంది. బర్మింగమ్‌లోది నివాసం, ఈవ్‌షమ్‌లోది నది వంపులోని నేల. స్పెల్లింగు ఒకటే అయినా పాత ఇంగ్లీషులో అవి రెండు వేర్వేరు మాటలు. 

ఇది ఇంగ్లండుకే పరిమితం. స్కాట్లండ్‌లోని ఎడింబరా, వేల్స్‌లోని కార్డిఫ్ ఇందులో వెతక్కండి.