ప్లాస్టిసాల్, వాటర్ బేస్: వరంగల్ ఎండల్లో రెండు బట్టల ఇంకులూ వాడాక

హన్మకొండలో టీషర్టులు, కాటన్ సంచుల మీద స్క్రీన్ ప్రింటింగ్ చేస్తాను. ఏళ్ల తరబడి రెండు ఇంకులూ వాడుతున్నాను: నీళ్లలో కలిసే పిగ్మెంట్ ఇంకు (వాటర్ బేస్) ఒకటి, ప్లాస్టిసాల్ ఇంకోటి. కొత్తగా షాపు పెట్టేవాళ్లు ముందు ఏ కంపెనీ డబ్బా కొనాలని అడుగుతారు. కంపెనీ తర్వాత సంగతి. ఏ బట్టకు ఏ ఇంకు, దానికి ఎంత వేడి ఎంతసేపు తగలాలి, ఇది తేలితే సగం పని అయినట్టే.

తెల్ల కాటన్‌కు, లేత రంగు సంచులకు నా ఓటు వాటర్ బేస్‌కే. రంగు నూలులోకి దిగుతుంది. ప్రింట్ మీద చెయ్యి పెడితే బట్టే తగులుతుంది, వేసుకున్నవాళ్లకు ఉక్క పోయదు. స్క్రీన్ నీళ్లతో కడిగితే చాలు. చిక్కల్లా మన ఎండలతోనే. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో నాలుగైదు షర్టులు కొట్టేసరికి ఇంకు మెష్ (స్క్రీన్‌కు బిగించిన సన్న జాలీ) కన్నాల్లోనే ఎండిపోతుంది, సన్న అక్షరాలు సగమే పడతాయి. ఇంకు త్వరగా ఎండకుండా చేసే రిటార్డర్ కలిపితే కొంత నయం. ఆ కాలంలో ఈ పనులు తెల్లవారుజామునే మొదలుపెడతాను, ఫ్యాను గాలి స్క్రీన్ వైపు రానివ్వను, ప్రతి షర్టు తర్వాత మెష్ మీద ఇంకు పల్చగా పరిచి ఉంచుతాను. రంగు బట్టను వదలకుండా పట్టి ఉంచే ఫిక్సర్ కలిపిన ఇంకును మాత్రం ఆ పూటకు సరిపడా కలుపుకోవాలి, రేపటికి దాచుకునేది కాదు.

ప్లాస్టిసాల్‌కు ఈ బాధ లేదు. అందులో నీళ్లుండవు. పీవీసీ పొడిని ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవంలో కలిపి చేస్తారు. అందుకే మధ్యాహ్నం పని ఆపి భోజనానికి వెళ్లొచ్చినా స్క్రీన్ మీద అలాగే ఉంటుంది. నల్ల బట్ట మీద తెలుపు కొట్టొచ్చినట్టు కనిపించాలంటే ఇదే దిక్కు. ఎన్ఐటీ పిల్లలు ఫెస్టులకు అడిగేవి ఎక్కువగా నల్ల టీషర్టులే, వాటికి వేరే ఇంకు ముట్టను.

అయితే ఇది గాలికి ఆరే సరుకు కాదు. పొర అడుగు దాకా సుమారు 160 డిగ్రీల వేడి తగిలితేనే అతుక్కుని గట్టిపడుతుంది. లేజర్ థర్మామీటర్ చూపించేది పైపొర వేడి మాత్రమే, తెలుపు మందంగా వేస్తే అడుగున పచ్చిగానే ఉండొచ్చు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, పచ్చిది నాలుగు ఉతుకులకే పెచ్చులూడుతుంది. అందుకే ప్రతి ఆర్డర్లో మొదటి షర్టు చల్లారాక ప్రింట్‌ను రెండు చేతులతో పట్టి సాగదీస్తాను. సరిగ్గా ఉడికింది రబ్బరులా సాగి వెనక్కి వస్తుంది. ఉడకనిది సన్నగా పగిలి, ఆ గీతల్లోంచి కింది బట్ట కనిపిస్తుంది. అది కనిపిస్తే మిగతావి ఓవెన్‌లో ఇంకాసేపు ఉండాల్సిందే, కస్టమర్ గుమ్మంలో నిలబడి ఉన్నా సరే.

దీని లోపాలూ చెప్పాలి. ఛాతీ నిండా పెద్ద డిజైన్ వేస్తే గాలి ఆడదు, మన ఉక్కకు అది నరకం. ఇస్త్రీపెట్టె నేరుగా పెడితే కరిగి అంటుకుంటుంది, తిరగేసి చేయమని ప్రతి కస్టమర్‌కూ చెప్తాను. పిల్లల బట్టలకు థాలేట్లు (ప్లాస్టిసైజర్‌గా వాడే ఒక రకం రసాయనాలు) లేని రకమే అడిగి తీసుకోండి. కొన్ని థాలేట్లు 0.1 శాతం దాటకూడదని పిల్లల బొమ్మల విషయంలో అమెరికా 2008లోనే చట్టం చేసింది. మిగిలిపోయిన ఇంకును మోరీలో పారబోయొద్దు, వేడిచేసి గట్టిపడ్డాక చెత్తలో వేయాలి.

ఎక్కువ గొడవలొచ్చేది పాలిస్టర్ జెర్సీలతో. ములుగు, పరకాల వైపు నుంచి కబడ్డీ టీములు ఎర్ర జెర్సీలు తెచ్చి తెల్ల నంబర్లు అడుగుతాయి. ఎక్కువ వేడి తగిలితే పాలిస్టర్‌లోని అద్దకం రంగు ఆవిరై తెలుపులోకి ఎక్కుతుంది. ఓవెన్‌లోంచి తీసినప్పుడు నంబరు తెల్లగానే ఉంటుంది, ఒకట్రెండు రోజులకు గులాబీ రంగుకు తిరుగుతుంది. తక్కువ వేడికే ఉడికే, రంగు పీల్చని పాలిస్టర్ వైట్ విడిగా దొరుకుతుంది. ధర ఎక్కువే, అయినా జెర్సీలకు అది తప్ప వేరేది వాడను. అది వాడినా సరే, టీము వాళ్లను ఒక జెర్సీ ముందే ఇవ్వమని అడిగి, కొట్టి, రెండు రోజులు చూశాకే మిగతావి మొదలుపెడతాను.