ఫ్రెంచ్ మాటలు గుర్తుండాలంటే నోట్‌బుక్కా, కార్డులా?

వైజాగ్‌లో ఫ్రెంచ్ మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువగా కనిపించేది రెండు రకాలు. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకున్న పిల్లలకి నోట్‌బుక్ చాలు. సిలబస్ ఇంతే, పరీక్ష ఫలానా రోజు, నాలుగుసార్లు రాసి బట్టీ కొడితే గట్టెక్కేస్తారు. కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం టెఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష రాసేవాళ్లకి అలా కుదరదు. పీఆర్‌కి మనుషుల్ని ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో ఫ్రెంచ్ కేటగిరీకి లెక్కలోకి రావాలంటే వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింట్లోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్ స్థాయికి కెనడా వాడే కొలమానం) 7 ఉండాలి.

నోట్‌బుక్‌లో వరసగా రాసుకున్న మాట పైమాట ఆసరాతో గుర్తొస్తుంది. విడిగా అడిగితే నోరు పెగలదు. పైగా మనవాళ్లు ఉచ్చారణని పక్కనే తెలుగులో రాసుకుంటారు. ఫ్రెంచ్‌లో వీధికీ, చక్రానికీ వేర్వేరు అచ్చులు. తెలుగులో రాస్తే రెండూ ‘రూ’యే! వినే పరీక్షలో అక్కడే దెబ్బ పడుతుంది.

నా ఓటు ఒకవైపు ఫ్రెంచ్ మాట, రెండోవైపు అర్థం ఉండే కార్డులకే. నేర్చుకున్నది మొదట్లో గబగబా, తర్వాత నిదానంగా మరుపున పడుతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. అంకీ లాంటి కార్డుల యాప్ మాట జారిపోయే వేళకి మళ్లీ ముందు పెడుతుంది. గాజువాక నుంచి మద్దిలపాలెం వెళ్లే బస్సులో, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర నిలబడ్డచోటే ఒంటిచేత్తో ఇరవై కార్డులు తిప్పొచ్చు. నోట్‌బుక్‌తో అది అయ్యే పనేనా?

అలాగని రెడీమేడ్ కార్డులు వేలకి వేలు దించుకోవద్దు. వారం మానేస్తే చూడాల్సిన కార్డుల బాకీ కొండలా పేరుకుని, యాప్ తెరవబుద్ధి కాదు. రోజుకి పది, సొంతంగా చేసుకోండి. నామవాచకాన్ని ఒంటరిగా రాయకుండా ముందు ‘ల’ (పుంలింగానికి), ‘లా’ (స్త్రీలింగానికి) తప్పకుండా పెట్టండి. ‘ఆజ్’తో ముగిసేవి చాలావరకు పుంలింగం: ల విలాజ్, ల వ్వయాజ్. కానీ మన బీచ్ మాత్రం లా ప్లాజ్, స్త్రీలింగం. కార్డు మీద ‘జ వే ఆ లా ప్లాజ్’ (నేను బీచ్‌కి వెళ్తున్నాను) అని వాక్యమే రాసేస్తే లింగం దాంతోపాటే వచ్చేస్తుంది. తెలుగు చూసి ఫ్రెంచ్ చెప్పే కార్డులు కూడా ఉండాలి. కష్టమే, మాట్లాడే పరీక్షకి పనికొచ్చేవి మాత్రం అవే.

వింటూ చదువుతూ నేర్చుకోవడం మొదటి నెలల్లో దండగ. కాస్త పట్టు దొరికాక ఫ్రాన్స్ వాళ్ల ఆర్ఎఫ్ఐ రేడియో సులభ ఫ్రెంచ్ వార్తలు, వాటి రాతప్రతి ఎదురుగా పెట్టుకుని వినండి. కొత్త కార్డులకి మాటలు అక్కడే దొరుకుతాయి.

అంకీ ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. ఆ ఖర్చు ఎందుకనుకుంటే అట్టముక్కలు, ఐదు గళ్ల పెట్టె చాలు. చెప్పగలిగిన కార్డు తర్వాతి గడిలోకి, తప్పింది మొదటి గడికి. మొదటి గడి రోజూ చూడాలి, చివరిది నెలకోసారి చూసినా సరిపోతుంది.