వాకెన్, హెల్‌ఫెస్ట్, బెంగళూరు: మెటల్ జాతరలకు వెళ్లేవాళ్లకు బస, దారి, బురద లెక్కలు

పోస్టర్ మీద బ్యాండ్ల పేర్లు చూసి టికెట్ కొనేసి, మిగతాది తర్వాత చూసుకుందాంలే అనుకునేవాళ్లే ఎక్కువ. కానీ మెటల్ (హోరెత్తే గిటార్ల రాక్ సంగీతం) ఫెస్టివల్‌లో ట్రిప్ బాగుపడేదీ చెడేదీ ఆ మిగతా దగ్గరే. హెడ్‌లైనర్ (రాత్రి చివర్లో వాయించే పెద్ద బ్యాండ్) ఆఖరి పాట అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పొద్దున్నుంచీ నిలబడిన కాళ్లు, తడిసిన సాక్సులు, చెవుల్లో హోరు. ఆ సమయంలో మీ పక్క ఎంత దూరంలో ఉంది, అక్కడికి ఎలా చేరతారు అన్నదాన్ని బట్టే మర్నాడు మధ్యాహ్నం బ్యాండ్‌ని చూస్తారా, టెంట్‌లో పడి మూలుగుతారా అన్నది తేలుతుంది. అందుకే ఇక్కడ ఏ ఊరినైనా లైనప్‌తో కాకుండా ఆ కొలతతోనే తూస్తున్నాం.

వాకెన్ ఉత్తర జర్మనీలో, ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలో, రెండు వేల మంది ఉండే పల్లెటూరు. 1990లో కొన్ని వందల మందితో మొదలైన ఈ పండక్కి ఇప్పుడు 85 వేల టికెట్లు అమ్ముతారు. జులై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో, బుధవారం నుంచి శనివారం దాకా. 2025లో టికెట్ 333 యూరోలు, టెంట్ వేసుకునే జాగా అందులోనే. ఒక ఏడాది పండగ ముగియగానే వచ్చే ఏడాది టికెట్లు మొదలవుతాయి, కొన్నేళ్లుగా గంటల్లోనే అయిపోయిన సందర్భాలు ఉన్నాయి. అంటే సగం పోస్టర్ కూడా తెలియకుండా కొనాలి. ఆ ధైర్యం లేకపోతే తర్వాత అధికారిక రీసేల్ కోసం కాచుకోవడమే. బయట ఎవరో అమ్ముతున్నారని కొనకండి.

ఇండియా నుంచి వెళ్లేవాళ్లు షెంగెన్ వీసాకు (జర్మనీ, ఫ్రాన్స్ సహా చాలా యూరప్ దేశాలకు ఒకటే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫీజు 90 యూరోలు, ప్రయాణ బీమా కనీసం 30 వేల యూరోలకు ఉండాలి. జర్మనీ దరఖాస్తులు హైదరాబాద్ వీఎఫ్‌ఎస్ కేంద్రంలోనే ఇవ్వొచ్చు. అందరూ తడబడేది బస రుజువు దగ్గర. పొలంలో టెంట్‌కి హోటల్ బుకింగ్ కాగితం ఉండదు కదా. ఫెస్టివల్ టికెట్‌లో క్యాంపింగ్ కలిసే ఉందన్న పేజీని ప్రింట్ తీసి పెట్టండి, ముందు రాత్రికీ వెనక రాత్రికీ హాంబర్గ్ హోటల్ బుకింగ్ చూపించండి, కవరింగ్ లెటర్‌లో తేదీల వారీగా ఏ రాత్రి ఎక్కడో రాయండి. మధ్యలో ఒక్క రాత్రి ఖాళీగా కనిపించినా ప్రశ్న వస్తుంది.

జర్మనీలో చదువుకుంటున్న మనవాళ్లకు ఈ తలనొప్పి లేదు. డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా చెల్లే నెలవారీ పాస్) ఉంటే ప్రాంతీయ రైళ్లలో హాంబర్గ్ మీదుగా వాకెన్‌కు దగ్గరి స్టేషన్ ఉన్న ఇట్జెహో దాకా అదనంగా ఒక్క సెంటు పెట్టకుండా వెళ్లిపోవచ్చు. హాంబర్గ్ నుంచి ఇట్జెహో గంట ప్రయాణం, అక్కడ స్టేషన్ నుంచి వాకెన్‌కు షటిల్ బస్సులు. ఎక్కే ముందు చూసుకోవాల్సింది ఒక్కటే: ఆర్‌ఈ, ఆర్‌బీ అనే ప్రాంతీయ రైళ్లకే ఆ టికెట్ చెల్లుతుంది, అదే పట్టాల మీద వచ్చే ఐసీ అనే దూరప్రాంత రైలుకు చెల్లదు. మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్ వైపు నుంచి ఐసీఈ అనే వేగపు రైల్లో వచ్చేవాళ్లు, బుక్ చేసిన రైలుకే చెల్లే చవక టికెట్ కొన్నా భయపడక్కర్లేదు. గమ్యానికి 20 నిమిషాలు మించి ఆలస్యమయ్యేట్టుంటే ఆ రైలే ఎక్కాలన్న నిబంధన తొలగిపోతుంది, తర్వాతి రైలు ఎక్కేయొచ్చు. జర్మన్ రైళ్లు ఇప్పుడు ఎలా నడుస్తున్నాయో అక్కడున్నవాళ్లకు వేరే చెప్పాలా?

కారా, రైలా అంటే రైలుకే మా ఓటు. కారులో వస్తే టెంట్ పక్కనే కారు పెట్టుకోవచ్చు, అది పెద్ద సుఖమే. కానీ అది పచ్చిక బయలు, మామూలు రోజుల్లో ఆవులు మేసే నేల. రెండు రోజులు వాన పడితే చక్రాలు ఇరుసు దాకా దిగబడతాయి, ట్రాక్టర్ వచ్చి లాగాలి. 2023లో అదే జరిగింది. వానకు క్యాంపింగ్ పొలాలు బురదగుంటలై, యాభై వేల మంది చేరేసరికి ప్రవేశం ఆపేశారు. టికెట్ చేతిలో ఉండి దారిలోంచే వెనక్కి మళ్లినవాళ్లు వేలల్లో. 2025లోనూ బురదే. 'రెయిన్ ఆర్ షైన్' అన్నది వాళ్ల నినాదం, కానీ అప్పటికే లోపలున్నవాళ్లకే అది వర్తిస్తుందని తేలింది. అందుకే బుధవారం బ్యాండ్లకు బుధవారం చేరదాం అనుకోవద్దు. మంగళవారానికే వెళ్లి చేతికి ప్రవేశపు పట్టీ (రిస్ట్‌బ్యాండ్) కట్టించుకోండి.

ఇట్జెహోలో హోటల్ గదులు తక్కువ, ఉన్నవి ఏడాది ముందే పోతాయి. హాంబర్గ్‌లో దిగి రోజూ వెళ్లొద్దామనే ప్లాన్ కాగితం మీదే బాగుంటుంది. షటిల్, రైలు, మళ్లీ నగరంలో మెట్రో, ఒక్కో వైపు రెండు గంటలు హుళక్కి, పైగా రాత్రి రైలు కోసం హెడ్‌లైనర్‌ని మధ్యలో వదిలేయాలి. వాకెన్‌లో టెంటే సరైన బస. డబ్బు పెట్టగలిగితే ముందే వేసి ఉంచే అద్దె టెంట్లు ఉన్నాయి. విమానంలో వచ్చేవాళ్లకు అవి నిజంగా లాభం, సామాను బరువు తగ్గుతుంది.

సొంత టెంట్ అయితే హైదరాబాద్ నుంచి మోసుకెళ్లకండి, హాంబర్గ్ డెకత్లాన్‌లో కొనండి. పైగుడ్డ నీటి నిరోధం 3000 మిల్లీమీటర్లైనా ఉండాలి. టెంట్‌తో వచ్చే సన్న మేకులు తడి నేలలో వేలితో లాగితే ఊడిపోతాయి, 25-30 సెంటీమీటర్ల పొడవున్న వీ ఆకారం మేకులు విడిగా తీసుకోండి. మేకు తల టెంట్‌కు అవతలి వైపు వాలేట్టు 45 డిగ్రీల కోణంలో కొట్టాలి. కింద పరిచే టార్పాలిన్ టెంట్ అంచు దాటి ఒక్క బెత్తెడు బయటికొచ్చినా పైగుడ్డ మీంచి జారిన వాన నీళ్లు దాని మీదే పడి టెంట్ అడుక్కి చేరతాయి. సగం టెంట్లు లోపల తడిసేది ఇందుకే, తిట్లు మాత్రం టెంట్ కంపెనీకి. అంచు లోపలికి మడిచేయండి. పైగుడ్డ లోగుడ్డకు తగలకుండా బిగించండి, తగిలిన చోటల్లా చెమ్మ దిగుతుంది. కారు చక్రాల చాలులో, కాలిబాట పక్కన వేయొద్దు. వేసవే అయినా రాత్రి పది పన్నెండు డిగ్రీలకు పడిపోతుంది, కంఫర్ట్ 5 డిగ్రీలని రాసి ఉన్న స్లీపింగ్ బ్యాగ్ చాలు. అడుగున మ్యాట్ లేకపోతే ఎంత మంచి బ్యాగయినా దండగ, ఒంటి బరువుకు కింది వైపు దూది నలిగిపోయి చలి నేలలోంచే ఎక్కుతుంది.

కాళ్లకు మోకాలి కిందిదాకా వచ్చే రబ్బరు బూట్లు, ఒక సైజు ఎక్కువవి. లోపల విడిగా ఇన్సోల్, రెండు జతల సాక్సులు, పొడవాటివి. పొట్టి సాక్సులేసుకుంటే బూటు అంచు పిక్కను కోసేస్తుంది. స్నీకర్లతో వెళ్తే బురద బూటును పట్టుకుని కాలిని వదిలేస్తుంది. రాత్రి పడుకునే ముందు పాదాలు తుడిచి, పౌడర్ వేసి, స్లీపింగ్ బ్యాగ్‌లోనే దాచిన పొడి సాక్సులు తొడుక్కోండి. నాలుగు రోజులూ తడి పాదాలతో ఉంటే చర్మం తెల్లగా నాని చీలుతుంది, ఇక పిట్ (స్టేజీ ముందు జనం ఢీకొంటూ గెంతే చోటు) సంగతి దేవుడెరుగు.

రసాయన టాయ్‌లెట్లు ఎక్కడికక్కడ ఉంటాయి, పొద్దున సిబ్బంది ఖాళీ చేసి వెళ్లాక కాసేపు పర్వాలేదు, సాయంత్రానికి వాటి సంగతి అడక్కండి. నీళ్లు ఉండవు కాబట్టి లీటరు ఖాళీ సీసా మన చెంబుగా ఎప్పుడూ వెంట ఉండాలి. షవర్లకు పొద్దున పెద్ద క్యూ. మొదటి పెద్ద బ్యాండ్ మొదలయ్యాక మధ్యాహ్నం వెళ్తే నేరుగా లోపలికే. ఊళ్లో ఈతకొలను కూడా ఉంది, ఎండ కాసిన రోజు అక్కడ నల్ల టీషర్టులే కనిపిస్తాయి.

ఈ ఊరివాళ్ల సంగతి వేరే చెప్పుకోవాలి. ఇంటి ముందు బల్ల వేసి కాఫీ, బ్రెడ్డు అమ్ముతారు, పిల్లలు తోపుడు బండ్ల మీద మన సామాను లాగి రెండు మూడు యూరోలు సంపాదించుకుంటారు. ఊరి అగ్నిమాపక దళం బ్యాండ్ బాకాలూ డోళ్లతో స్టేజీ ఎక్కడం ఇక్కడి ఆనవాయితీ, దాన్ని మాత్రం వదలకండి. ఫెస్టివల్ లోపల చెల్లింపులు చేతి పట్టీలోని చిప్‌తోనే, మిగిలిన డబ్బు తర్వాత ఆన్‌లైన్‌లో వెనక్కి అడగాలి. ఊళ్లో మాత్రం చిల్లర నోట్లే పనికొస్తాయి.

శాకాహారులు ఆకలితో పడుకోరు: చీజూ పుట్టగొడుగులూ కూరిన హాండ్‌బ్రోట్ అనే బ్రెడ్డు, నూడుల్స్, ఆలూ ఫ్రైస్ దొరుకుతాయి. మూడో రోజుకు నాలుక చచ్చిపోతుంది, పులిహోర పేస్టు, కారప్పొడి చిన్న డబ్బాలో పెట్టుకోండి. గాజు సీసాలో వద్దు, గాజు లోపలికి రానివ్వరు. అలాగే స్టేజీల ప్రాంగణంలోకి వీపు సంచులు, గొడుగులు, ముళ్ల బెల్టులు కుదరవు. నడుం సంచి, పోంచో చాలు. పవర్ బ్యాంక్ 20,000 ఎంఏహెచ్‌ది అంటే 74 వాట్ అవర్లు, విమానంలో 100 దాకా అనుమతే, చేతి సామానులో మాత్రమే.

పెద్ద స్టేజీలు ఫాస్టర్, హార్డర్ పక్కపక్కనే. ఒకదాని మీద పాట అయిపోగానే రెండోదాని మీద మొదలవుతుంది, కాబట్టి రెండింటి మధ్య నిలబడితే రోజంతా కదలక్కర్లేదు. లౌడర్ స్టేజీ విడిగా. బుల్‌హెడ్ సిటీ అనే పెద్ద సర్కస్ గుడారంలో మరో రెండు. అసలు వెతుక్కునే బ్యాండ్లు, మెటల్‌లో మరీ కరుకైన డెత్ మెటల్, బ్లాక్ మెటల్ రకాలు ఎక్కువగా అక్కడే. మెటల్ బ్యాటిల్ పోటీలో దేశదేశాల నుంచి గెలిచొచ్చిన కొత్త బ్యాండ్లూ వాయిస్తాయి. గుడారం నిండితే గేటు మూసేస్తారు, మీకు కావాల్సిన బ్యాండ్‌కు ముందు బ్యాండ్ సగంలోనే లోపలికి వెళ్లండి.

బ్యారికేడ్ దగ్గర నిలబడితే గాయకుణ్ని చూస్తారు గానీ గొంతు సరిగా వినలేరు. వేలాడదీసిన స్పీకర్ల మోత మీ తల మీదుగా వెనక్కి పోతుంది, మీకు మిగిలేది కింద పెట్టిన సబ్‌వూఫర్ల దడ. సౌండ్ ఇంజినీర్ కూర్చునే మిక్సింగ్ టవర్ ముందో, దాని పక్కనో నిలబడండి, ఆయన సర్దేది ఆయన చెవికి వినబడినట్టే కదా. చెవి రక్షణ విషయంలో లెక్క సూటిగా ఉంది: 85 డెసిబెల్స్‌కు ఎనిమిది గంటలు, ఆపై ప్రతి మూడింటికీ వ్యవధి సగం, 100కు చేరేసరికి పావుగంటే. ఫోమ్ ప్లగ్గులు చెవిని బాగా మూస్తాయి గానీ సింబల్స్ (డ్రమ్ సెట్టులోని తాళాలు) మోతనీ మింగేస్తాయి. సంగీతానికని చేసిన ఫిల్టర్ ప్లగ్గులు 15-20 డెసిబెల్స్ తగ్గించి శబ్దం తీరు చెడగొట్టవు. ఫోమ్‌వి రాత్రి నిద్రకు దాచుకోండి, పక్క టెంట్‌లో తెల్లార్లూ పాటలే.

హెల్‌ఫెస్ట్ ఫ్రాన్స్‌లో, నాంట్ నగరానికి ముప్పై కిలోమీటర్ల దూరంలోని క్లిసోన్‌లో, జూన్‌లో. 2006లో మొదలైంది. ప్యారిస్ మోంపర్నాస్ నుంచి నాంట్‌కు టీజీవీ అనే వేగపు రైల్లో రెండుంపావు గంటలు, అక్కడి నుంచి టీఈఆర్ లోకల్ రైల్లో అరగంటలోపే. చూడ్డానికి వాకెన్ కంటే అందం, రెండు మెయిన్ స్టేజీలతో కలిపి ఆరు స్టేజీలు, ఆల్టార్, టెంపుల్ ఒకే గుడారం కింద వంతులవారీగా నడుస్తాయి. వైవిధ్యం కావాలంటే, నిదానంగా సాగే డూమ్ నుంచి వేగంగా దూసుకుపోయే పంక్ దాకా, ఇదే మేలు. ఇబ్బంది ఎండతో. 2022లో ఉష్ణోగ్రత 40 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్లింది. మన రాయలసీమ ఎండ చూసినవాళ్లకు లెక్కా అనుకోవద్దు, అక్కడ నీడా ఉండదు, రాత్రి పదింటి దాకా పొద్దూ గుంకదు. దుమ్ముకు ముక్కు మీద గుడ్డ, తలకు టోపీ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. టెంట్ పొద్దున ఏడుకే పొయ్యి అవుతుంది కాబట్టి నిద్ర రాత్రి రెండు నుంచి ఏడు దాకా అనే అనుకోండి. నాలుగు రోజుల పాస్‌లో క్యాంపింగ్ ఉంది. నాంట్‌లో హోటల్ తీసుకుంటే రాత్రి రైళ్లు, షటిళ్ల ఆఖరి సమయాలు ముందే రాసుకోవాలి. నాంట్ బస ఇక్కడ సాధ్యమే, హాంబర్గ్‌లా అసాధ్యం కాదు. నలభై దాటినవాళ్లకు, మంచం లేనిదే నిద్రపట్టనివాళ్లకు హెల్‌ఫెస్టే మా సిఫార్సు.

పాస్‌పోర్ట్ తీయకుండానే తేల్చుకోవాలంటే బెంగళూరు. 2007 మార్చి 17న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ వాయించిన దగ్గర్నుంచి, 2011 అక్టోబర్‌లో మెటాలికా దాకా, మన దేశంలో మెటల్ ప్రయాణమంటే ఆ ఊరే. వాకెన్‌తో సంబంధం పెట్టుకుని 2012లో బెంగళూరు ఓపెన్ ఎయిర్ మొదలైంది. వాకెన్‌తో పోల్చి నిట్టూర్చకండి, దీని సుఖం దీనిది. తొక్కిసలాట తక్కువ, ముందు వరుస దొరుకుతుంది, హైదరాబాద్ గాడ్‌లెస్ లాంటి మన బ్యాండ్ల సభ్యులు బ్యాండ్ల గుర్తుల ముక్కలు కుట్టిన ప్యాచ్ జాకెట్లతో జనంలోనే తిరుగుతుంటారు. బయలులో రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్లు మోగకూడదన్న నిబంధన వల్ల పదికల్లా అయిపోతుంది కూడా.

ఆ పదింటి నియమమే హైదరాబాద్ వాళ్లకు కలిసొస్తుంది. పొద్దున కాచిగూడలో యశ్వంత్‌పూర్ వందే భారత్ ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు, కానీ ఆ రోజు తొలి బ్యాండ్లు పోతాయి. ముందు రాత్రి కాచిగూడ-మైసూరు ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే పొద్దున్నే ఊళ్లో ఉంటారు. తిరుగు ప్రయాణానికి గది అక్కర్లేదు. వేదిక ప్యాలెస్ గ్రౌండ్స్ అయితే అది బళ్లారి రోడ్డు మీదే, అంటే హైదరాబాద్ బస్సుల దారిలోనే ఉంది. రాత్రి పదకొండు తర్వాత మేఖ్రి సర్కిల్‌లోనో హెబ్బాళ్‌లోనో ఎక్కించుకునే స్లీపర్ బస్సు చూసుకోండి. ఆనందరావు సర్కిల్ ఎక్కే చోటుగా పెట్టుకుంటే వెనక్కి నగరం నడిబొడ్డుకు వెళ్లాలి, షో వదిలిన వెంటనే క్యాబ్‌లు ఒకటి తర్వాత ఒకటి క్యాన్సిల్ అవుతాయి. గేటు బయట ఎదురుచూడకుండా మేఖ్రి సర్కిల్ వైపు నడిచేయండి, ఆటో అయినా అక్కడే దొరుకుతుంది. బస్సు ఎక్కే ముందు టీషర్టు మార్చుకోండి, పక్క బెర్తులో వాళ్లేం పాపం చేశారు!