క్యాంపసా, బీచ్ హోటలా? వైజాగ్‌లో సదస్సుకి బిడ్ వేసేవాళ్ల లెక్క

సదస్సు వైజాగ్‌కి రావాలని బిడ్, అంటే మా ఊళ్లో పెట్టండని పంపే ప్రతిపాదన, రాయడానికి కూర్చున్న కమిటీ మొదటి మీటింగ్‌లోనే కవర్ పేజీకి బీచ్ ఫొటో వెతుకుతుంది. మేమూ అదే చేశాం. డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేలా తెల్లవారుజామున తీసిన ఫొటో పెట్టాం. ఆ సదస్సు మాకు రాలేదు.

సదస్సు ఏ ఊరికివ్వాలో తేల్చే స్టీరింగ్ కమిటీ పంపిన ప్రశ్నల్లో సముద్రం ఊసే లేదు. మూడు ట్రాకులు (వేర్వేరు గదుల్లో సమాంతరంగా జరిగే సెషన్లు) ఒకేసారి నడిస్తే ఒక గది నుంచి ఇంకో గదికి ఎన్ని నిమిషాల నడక? కనీసం ఎంతమంది వస్తే మీకు నష్టం ఉండదు? వేదికే తేల్చుకోనివాళ్ల దగ్గర వీటికి జవాబెలా ఉంటుంది? "యూనివర్సిటీ క్యాంపస్ లేదా బీచ్ రోడ్డులో ఒక హోటల్" అని రాసి ఊరుకున్నాం. ఆ "లేదా" కొంప ముంచింది.

రెండోసారి రాసే ముందు రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాం. కంప్యూటర్ సైన్స్ సదస్సు, రెండు వందల మంది, మూడు రోజులు, మూడు ట్రాకులు అనుకోండి. వచ్చేవాళ్లలో సగానికి పైగా పీహెచ్‌డీ విద్యార్థులే, చాలామంది సొంత డబ్బుతో వచ్చేవాళ్లే.

ముందు డబ్బు. హోటల్ కొటేషన్ చేతికి రాగానే కళ్లు ప్లేటు రేటు మీదకి పోతాయి. అసలు చూడాల్సింది దాని కింద లైన్లో ఉండే "మినిమమ్ గ్యారంటీ". వెనక ఒక వర్క్‌షాప్‌కి మేం 250 ప్లేట్లకి గ్యారంటీ ఇచ్చాం. రెండోరోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చింది 190 మంది. తినని 60 ప్లేట్లకీ డబ్బు కట్టాం. పోనీ ఆ గులాబ్ జామూన్లైనా వాలంటీర్ పిల్లలకి ప్యాక్ చేసివ్వండి అంటే, బయటికి పంపడానికి రూల్స్ ఒప్పుకోవన్నారు. క్యాంపస్‌లో అయితే వంటాయనకి ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి "బాబాయ్, రేపు నూట తొంభైకే" అంటే సరిపోతుంది.

పన్ను సంగతీ ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు రూముకి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. అంత ఖరీదు రూములున్న హోటల్లో భోజనం బిల్లు మీదా 18 శాతమే. బడ్జెట్ రాసే ఉత్సాహంలో ఈ 18ని మర్చిపోయే కమిటీలు బోలెడు.

మేం కాగితం మీద వేసుకున్న అంచనా ఇది, మీ అంకెలు మీరు వేసుకోండి. క్యాంపస్‌లో ఎంతమంది వచ్చినా తప్పని ఖర్చు నాలుగున్నర లక్షలు, మనిషికి 2,400, రిజిస్ట్రేషన్ ఫీజు పన్ను కాకుండా 6,000. అంటే మనిషికి మిగిలేది 3,600, కాబట్టి 125 మంది వస్తే గట్టెక్కుతాం. హోటల్లో తప్పని ఖర్చు 8 లక్షలు, మనిషికి 5,000, ఫీజు 9,000. అక్కడ 200 మంది వస్తేగానీ గట్టెక్కం. రెండు వందల మంది వస్తారనుకున్న సదస్సుకి రెండు వందలూ నిండితేనే సున్నా దగ్గర ఆగుతామన్నమాట. ఒక్క స్పాన్సర్ చేతులెత్తేస్తే ఇక చెప్పక్కర్లేదు.

తేదీల దగ్గర ఇంకో చిక్కు ఉంది, బయటి ఊరివాళ్లకి ఇది తట్టదు. అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఎలా ఊడ్చేసిందో చూసినవాళ్లెవరూ ఆ నెలల జోలికి పోరు. వేసవి ఉక్కపోత సరేసరి. మిగిలింది డిసెంబర్ నుంచి ఫిబ్రవరి. డిసెంబర్ ద్వితీయార్ధంలో ధనుర్మాసం వస్తుంది, ముహూర్తాలుండవు, హోటల్ బాల్‌రూమ్ ఖాళీ. కానీ అది అరకు వెళ్లే టూరిస్టుల సీజన్, అదే హోటల్లో పై అంతస్తుల్లో రూములు దొరకవు. సంక్రాంతి ముందూ వెనకా రైలు టికెట్ల మాటే ఎత్తొద్దు. మాఘమాసానికి కథ తిరగబడుతుంది. రూములు దొరుకుతాయి, హాలు దొరకదు. బాంక్వెట్ మేనేజర్‌కి ఏ తేదీ చెప్పినా "ఆ రోజు ముహూర్తం ఉంది సార్" అంటాడు. డిపార్ట్‌మెంట్ సెమినార్ హాల్లో ఎవరూ తాళి కట్టరు.

అలాగని క్యాంపస్ తేదీలన్నీ మన చేతిలో ఉంటాయని కాదు. సెమిస్టర్ పరీక్షల టైమ్‌టేబుల్ జరగొచ్చు. ఎన్నికల ఏడాదైతే ఓట్ల లెక్కింపుకి ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) ఇంజినీరింగ్ కాలేజీ భవనాలు పోతాయి.

గదుల విషయానికొస్తే, హోటల్లో మూడు ట్రాకులంటే సాధారణంగా ఒక పెద్ద హాలుని మడత తలుపులతో ముక్కలు చేసి ఇస్తారు. ఆ తలుపు పక్క కుర్చీలో ఒక పూట కూర్చుని చూడండి. ఇటు ఒకమ్మాయి తెలుగు స్పీచ్ రికగ్నిషన్ మీద పేపర్ చెబుతుంటుంది, అటు పక్క మైకులోంచి "నెక్స్ట్ స్లైడ్ ప్లీజ్" అని వినపడుతుంది. ఆ అమ్మాయి ఉలిక్కిపడి తన స్లైడ్ మార్చేసింది. నవ్వొచ్చిందిగానీ పాపం అనిపించింది. క్యాంపస్‌లో గోడలు గోడలే.

వైఫై మాత్రం రెండు చోట్లా పరీక్షే. మా హాల్లో ఒకసారి పది ఇరవైకి అందరి ఫోన్లలో "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" అని తిరగడం మొదలైంది. ఎంటెక్ కుర్రాడొకడు చూసి చెప్పాడు, ఆ హాలుకిచ్చిన నెట్‌వర్క్‌లో ఉన్నవి 254 అడ్రసులే అని. హాల్లో 150 మంది, ఒక్కొక్కరికి ఫోనూ ల్యాప్‌టాపూ, మూడొందలయ్యాయి. ఎక్కువ అడ్రసులు పట్టే పెద్ద సబ్‌నెట్ ఇస్తే పావుగంట పని. ఆ పావుగంట పనికి పర్మిషన్ లెటర్ తిరగడానికి గంటన్నర పట్టింది. అయినా మనవాడే సర్వర్ రూములోకి వెళ్లి సరిచేశాడు. హోటల్లో అయితే వైఫై చూసే ఏజెన్సీ ఎక్కడుంటుందో రిసెప్షన్‌లో అమ్మాయికే తెలియదు.

హోటల్ గెలిచే చోట్లు లేకపోలేదు. పాత రాతి భవనాలు చూడ్డానికి ఎంత బాగుంటాయో మెట్లు అంత ఎత్తు. వీల్‌చెయిర్‌లో వచ్చే మనిషికి ర్యాంపు, లిఫ్టు, తగిన బాత్రూమ్ ఉన్నాయా అని ఇప్పుడు చాలా బిడ్ ఫారాల్లో అడుగుతున్నారు. మా బ్లాకులో లిఫ్టు ఉంది, దాని తాళం అటెండర్ దగ్గర ఉంది, అటెండర్ టీకి వెళ్లాడు. ఇది బిడ్‌లో రాసుకోలేం కదా. రెండోది, సాయంత్రాలు. అందరూ ఒకే కప్పు కింద దిగితే రాత్రి పదింటికీ లాబీలో కబుర్లు సాగుతాయి. సదస్సుల్లో అసలు పని జరిగేది అప్పుడే. హాస్టల్లో, గెస్ట్‌హౌస్‌లో, ఊళ్లో లాడ్జీల్లో చెల్లాచెదురైతే ఆరింటికే ఆటోలు ఎక్కేస్తారు.

పెద్ద సభలు చేసిన పేరు రెండు వైపులా ఉంది. 2008 జనవరిలో 95వ ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జరిగింది. 2023 మార్చిలో జీ20 మౌలిక వసతుల బృందం సమావేశమైంది రుషికొండ హోటల్లో. బిడ్‌లో రెండు లైన్లు రాయండి, అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోకండి. విదేశీయుల కాన్ఫరెన్స్ వీసాలకి విదేశాంగ శాఖ నుంచి కావాల్సిన పొలిటికల్ క్లియరెన్స్ (అనుమతి) పని, సదస్సు ఎక్కడ పెట్టినా, మీ సంస్థ మీదే పడుతుంది.

భోగాపురం ఎయిర్‌పోర్టు లెక్కలోకి తీసుకుంటే రుషికొండ వైపు కాస్త మొగ్గు. ఏయూ కంటే అటు దగ్గర. గీతం లాంటి క్యాంపస్, నడిచో ఆటోలోనో వెళ్లేంత దూరంలో హోటళ్లు ఉన్న ఆ పక్కని మూడో దారిగా చూడొచ్చు. సగం రోజు తిప్పడానికి తొట్లకొండ బౌద్ధ క్షేత్రం కూడా అక్కడికి దగ్గరే. అరకు మాత్రం ప్రోగ్రాంలో పెట్టకండి, రోజంతా పోతుంది.

నన్నడిగితే క్యాంపస్‌కే ఓటు. ఆరు వేలకి బదులు తొమ్మిది వేలంటే బరంపురం నుంచీ కాకినాడ నుంచీ వచ్చే పిల్లలు పేపర్ పంపి మనిషి రావడం మానేస్తారు. కీనోట్ వక్తలకి, వీల్‌చెయిర్ అవసరమైనవాళ్లకి దగ్గర్లో హోటల్ రూములు తీసుకుంటాం. బాంక్వెట్ విందు ఒక్కరాత్రి సముద్రం ఒడ్డున. ప్రారంభ సభ లిఫ్టు ఉన్న కొత్త బ్లాకులో, ఆ మూడు రోజులూ తాళం వాలంటీర్ దగ్గర. ఈసారి కవర్ పేజీ మీద బీచ్ లేదు, గది నుంచి గదికి నిమిషాలు రాసిన క్యాంపస్ మ్యాప్ ఉంది.

హోటల్ కొటేషన్ జతచేసేటప్పుడు చివరి పేజీ అడుగున చిన్న అక్షరాలు చదవండి. మాకు వచ్చినదాంట్లో "పదిహేను రోజులే చెల్లుతుంది" అని ఉంది. బిడ్ ఫలితం వచ్చేది నాలుగు నెలలకి. కాబట్టి రూము రేటు సదస్సు తేదీ దాకా మారదని, ఎన్ని రూములు ఏ తేదీ వరకూ పట్టి ఉంచుతారో అంకెలతో, లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాం. దానికి మూడుసార్లు తిరగాల్సొచ్చింది.