జింప్‌తో ఆరేళ్లు: డిగ్రీ ల్యాబ్ నుంచి ఫోటో స్టూడియో దాకా

2019లో విజయనగరంలో బీకాం కంప్యూటర్స్ రెండో ఏడాది చదువుతుండగా మాకు ఇమేజ్ ఎడిటింగ్ ఒక పేపరుగా వచ్చింది. అందరం ఫోటోషాప్ నేర్పుతారనుకున్నాం. ల్యాబ్‌లో సిస్టమ్ ఆన్ చేస్తే జింప్ అనే ఉచిత ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కనిపించింది. పక్క సీటు అమ్మాయి "ఇదేటి, ఇది నేర్చుకుంటే స్టూడియోలో ఎవరు తీసుకుంటారు?" అంది. నాకూ అదే టెన్షన్. ఇప్పుడు విజయనగరంలోనే ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తున్నాను, జింప్ తెరవని రోజు లేదు. అందుకే ఆ కోర్సు గురించీ ఈ సాఫ్ట్‌వేర్ గురించీ కలిపి రాస్తున్నాను.

ముందు కోర్సు సంగతి. వారానికి రెండు గంటల ల్యాబ్, ఒక్కో సిస్టమ్ దగ్గర ముగ్గురు. మౌస్ నా చేతికి వచ్చేసరికి బెల్లు కొట్టేవారు. మొదటి నెలంతా టూల్స్ పేర్లు రికార్డు పుస్తకంలో రాయించారు. ఏడాది మొత్తంలో ఒక్క ఫోటో కూడా ప్రింటు తీసి చూపించలేదు. తెర మీద రంగు వేరు, కాగితం మీద రంగు వేరు అన్న సంగతి ఉద్యోగంలో చేరాకే తెలిసింది. దీనికి నాకు ఇప్పటికీ బాధే.

కానీ మా సార్ రెండు మంచి పనులు చేశారు. జింప్‌ను 1995లో బర్కిలీలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారని మొదటి రోజే చెప్పారు. మా వయసు వాళ్లు మొదలుపెట్టిన పని అని తెలిశాక దాన్ని చూసే చూపు మారింది. రెండోది, ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్ క్లాసంతా తిప్పారు. ఉచిత సాఫ్ట్‌వేర్ కాబట్టి అందులో దొంగతనం లేదు, ఎవరికీ భయపడక్కర్లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కాలేజీ మూతపడితే నన్ను నిలబెట్టింది ఆ పెన్‌డ్రైవే.

గజపతినగరం దగ్గర మా ఊళ్లో 4 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద జింప్ 2.10తో కూర్చున్నాను. మామ్మ పెళ్లి ఫోటో ఒకటి ఉండేది, నాలుగు మడతలు పడి, చెమ్మ తగిలి మరకలైపోయింది. నేను అసలు నేర్చుకున్నది దాని మీదే. మడత గీతలను చుట్టుపక్కల రంగులో కలిపేయడానికి హీల్ టూల్, చీర అంచు లాంటి చోట్ల పక్క భాగాన్ని కాపీ చేసి అతికించడానికి క్లోన్ టూల్, వెలిసిపోయిన నలుపుకి వెలుగునీడలు సరిచేసే కర్వ్స్. ఒక్క ఫోటోకి పన్నెండు రోజులు పట్టింది.

కోర్సులో అన్నిటికన్నా విలువైన పాఠం లేయర్ మాస్క్. లేయర్ అంటే ఫోటో మీద పరిచే ఒక పొర, మాస్క్ అంటే ఆ పొరకు వేసే ముసుగు. ఎరేజర్‌తో చెరిపితే ఆ ముక్క పోయినట్టే. మాస్క్ మీద నల్ల రంగు పూస్తే ఆ భాగం దాక్కుంటుంది, తెల్ల రంగు పూస్తే తిరిగి వస్తుంది. ఇది చేతికి వచ్చాక ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకటే. స్టూడియోలో ఫోటోషాప్ ముందు కూర్చోబెడితే షార్ట్‌కట్‌లు వేరై మొదటి వారం చేతులు తడబడ్డాయి గానీ బుర్ర తడబడలేదు.

ఆ మాస్క్ విలువ నాకు పూర్తిగా చూపించింది ఒక పెద్దావిడ. బొండపల్లి వైపు నుంచి వచ్చారు. భర్త చనిపోయారు, దండ వేయడానికి ఫోటో పెద్దది చేయాలి. మనవడు తెచ్చింది ఆధార్ కార్డుని ఫోన్‌తో తీసిన బొమ్మ. ముఖం కొన్ని పదుల పిక్సెళ్ల వెడల్పే ఉంది, దాన్ని ఎంత సాగదీసినా లేని కన్నురెప్పలు పుట్టుకురావు. ఇంట్లో పాత ప్రింటు ఏదైనా ఉంటే తెమ్మన్నాను. ఒక పెళ్లి గ్రూపు ఫోటో తెచ్చారు. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేసి, చుట్టూ ఉన్నవాళ్లను తీసేసి, అలవాటు ప్రకారం ముడతలు మెత్తగా చేసి, ముఖం నాలుగు పాళ్లు తెల్లగా చేశాను. ఆవిడ తెర వైపు చాలాసేపు చూసి "మా ఆయన పొలం మనిషమ్మా. ఇంత తెల్లగా ఎప్పుడున్నాడు? ఈయనెవరో నాకు తెలీదు" అన్నారు. ఆ మెరుగులన్నీ వేరే లేయర్లో ఉన్నాయి, మాస్క్‌తో. పక్కనున్న కన్ను గుర్తు నొక్కి ఆపేశాను. ఎండకు కమిలిన ఆ ముఖం వెనక్కి వచ్చింది. ఆవిడ చెయ్యి చాచి తెర మీద చెంప దగ్గర ముట్టుకున్నారు. అప్పటి నుంచి ఎవరైనా అడిగితే తప్ప ఒంటి రంగు ముట్టుకోను.

జింప్‌లో నాకు బాగా నచ్చిన ఇంకో సంగతి తెలుగు అక్షరాలు. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ ఎక్కువగా నడిచేవి అను ఫాంట్లు, అవి యూనికోడ్ (ఫోన్లలో, వెబ్‌లో నడిచే తెలుగు) కావు. జింప్‌లో యూనికోడ్ తెలుగు నేరుగా టైప్ చేస్తే ఒత్తులు, గుణింతాలు చెదరకుండా కూర్చుంటాయి. ఉచితంగా దొరికే ఫాంట్లలో గురజాడ, గిడుగు పేర్లతో ఉన్నవి కూడా ఉన్నాయి. మా విజయనగరం గురజాడ, శ్రీకాకుళం గిడుగు పేర్లున్న అక్షరాలతో మా వీధి కుర్రాళ్లకు సిరిమాను పండగ ఫ్లెక్సీ చేశాను, సంతోషమనిపించింది. 6 బై 4 అడుగుల ఫ్లెక్సీకి 72 డీపీఐ చాలు, అంటే 5184 బై 3456 పిక్సెళ్లు. ల్యాప్‌టాప్ మొరాయించకుండా లాగేసింది.

ఇక లోపాలు. మొదటిది, పెద్దది, ప్రింటింగ్ రంగులు. జింప్ పనిచేసేది ఆర్‌జీబీలో, అంటే తెర మీది వెలుగు రంగుల్లో; ప్రెస్సుకి కావలసింది సీఎంవైకే, అంటే నాలుగు సిరా రంగులు. ఒకసారి కరపత్రానికి తెర మీద మెరిసిపోయిన చిలకపచ్చ వాడాను. వెయ్యి కాపీలు ఎండిన ఆకు రంగులో వచ్చాయి. ప్రెస్సువాళ్లు తప్పు నాదన్నారు, ముందే ఒక నమూనా తీసి చూపించి ఉంటే బాగుండేదని నేనన్నాను. డబ్బు మాత్రం నా జీతంలోంచే పోయింది. రెండోది, పెళ్లి ఆల్బమ్‌లకు కొనుక్కునే పీఎస్‌డీ డిజైన్లు, అంటే ఫోటోషాప్ ఫైళ్లు. జింప్‌లో తెరుచుకుంటాయి గానీ లేయర్ స్టైల్స్, అడ్జస్ట్‌మెంట్ లేయర్లు లాంటి ఫోటోషాప్ హంగులు ఉంటే రూపం మారిపోవచ్చు. పైగా 12 బై 36 అంగుళాల షీటు 300 డీపీఐలో తెరిస్తే 4 జీబీ ర్యామ్ చేతులెత్తేస్తుంది. ఆల్బమ్ పని కోసమే జింప్ నేర్చుకుంటానంటే వద్దనే చెబుతాను.

పాస్‌పోర్ట్ సైజు ఫోటోలకు మాత్రం దీన్ని మించింది నాకు అక్కర్లేదు. 35 బై 45 మిల్లీమీటర్లు, 300 డీపీఐలో 413 బై 531 పిక్సెళ్లు, 4 బై 6 అంగుళాల కాగితం మీద ఎనిమిది.

2025 మార్చిలో జింప్ 3.0 వచ్చింది. ఇప్పుడు ఫిల్టర్ వేశాక కూడా వెనక్కి వెళ్లి మార్చుకోవచ్చు, అక్షరాలకు అంచు పెట్టినా మళ్లీ దిద్దుకునే వీలుంది. సీఎంవైకేలో ఎక్స్‌పోర్ట్ చేసుకోవడం కూడా తేలికైంది. ఇవి 2.10లో ఉండి ఉంటే ఎన్ని రాత్రులు మిగిలేవో.

ఇప్పుడు ఈ కోర్సులో చేరే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒకటే చెబుతాను. ల్యాబ్ గంటల మీద ఆధారపడకండి, ఇంట్లో పాత ఫోటో ఒకటి తీసి దాని మీద కూర్చోండి, దాన్ని ప్రింటు తీయించండి. పని మధ్యలో జేపెగ్ ఒక్కటే దాచుకోకండి, అందులో లేయర్లు మిగలవు. జింప్‌లో సేవ్ అంటే దాని సొంత ఫైలు రకం ఎక్స్‌సీఎఫ్, లేయర్లన్నీ అందులోనే ఉంటాయి. మామ్మ ఫోటో నేను అలాగే దాచాను. మొన్న 3.0లో తెరిస్తే 2020లో పెట్టిన పదకొండు లేయర్లూ చెక్కుచెదరలేదు. ఎడమ చెవి కమ్మ దగ్గర అప్పట్లో సరిగ్గా రాని అతుకు ఇన్నాళ్లకు సరిచేసి, 8 బై 12లో ప్రింటు తీసి ఇచ్చాను. మామ్మ ముందు ఆ కమ్మనే చూసి, "ఇది మా అమ్మదే" అంది.