క్లెయిమ్స్ ఉద్యోగమని చెప్పి కమిషన్ ఏజెంటుగా నమోదు చేయించారు: ఇన్సూరెన్సు ఉద్యోగాల కన్సల్టెన్సీతో జాగ్రత్త

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఇన్సూరెన్సు ఉద్యోగాలు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల బోర్డులు మీలో చాలామంది చూసే ఉంటారు. వాటిలో ఒకదాని గురించి రాస్తున్నాను. పేరు ఇక్కడ పెట్టడం లేదు, ఫిర్యాదులో రాశాను. నేను బీహెచ్ఎంఎస్ (హోమియో వైద్య డిగ్రీ) పూర్తి చేసి, టీపీఏలో, అంటే బీమా కంపెనీల తరఫున ఆరోగ్య బీమా క్లెయిములు పరిశీలించే సంస్థలో, క్లెయిమ్స్ మెడికల్ ఆఫీసరు ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్నాను. అదే ఉద్యోగం ఇప్పిస్తామని చెప్పి ఈ కన్సల్టెన్సీవారు నా దగ్గర రూ. 6,500 తీసుకున్నారు. తర్వాత నా పాన్ కార్డు, ఆధార్, పదో తరగతి మెమో పెట్టి నన్ను ఒక జీవిత బీమా కంపెనీలో కమిషన్ ఏజెంటుగా నమోదు చేయించారు. ఆ సంగతి నాకు నిన్న, అసలైన ఉద్యోగం చేతికి అందబోయే సమయంలో, వేరే సంస్థవారు చెబితే తెలిసింది.

ఫోన్లో మాట్లాడిన రిక్రూటరు మేడమ్ చెప్పిన మాటల్లో సగం నిజమే, అందుకే నమ్మకం కుదిరింది. నగదు రహిత చికిత్సకు ఆసుపత్రి అనుమతి అడిగితే గంటలోగా తేల్చాలని, డిశ్చార్జి సమయంలో తుది అనుమతి మూడు గంటలలోగా ఇవ్వాలని బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో ఉంది. రాత్రి రెండు గంటలకు వచ్చిన కేసును కూడా చూసి, ఆ చికిత్స పాలసీ పరిధిలోకి వస్తుందో రాదో చెప్పగల వైద్యులు టీపీఏలకు కావాలి. ఆ పనికి హోమియో, ఆయుర్వేద, దంత వైద్య పట్టభద్రులను తీసుకోవడం కొత్తేమీ కాదు. ఇవన్నీ ఆమె నాకు చక్కగా వివరించారు, ప్రతి వాక్యానికీ "డాక్టర్ గారూ" అన్నారు. ఏ టీపీఏ అని అడిగితే మాత్రం, క్లయింటు పేరు ఇంటర్వ్యూ రోజు వరకు చెప్పకూడదని దాటవేశారు.

ఆ తర్వాత వాళ్లు అడిగిన పత్రాలు చూడండి. నా బీహెచ్ఎంఎస్ పట్టా అడగలేదు, ఇంటర్న్‌షిప్ పత్రం అడగలేదు, వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు కూడా అడగలేదు. పదో తరగతి మెమో, పాన్, ఆధార్, ఫొటో, బ్యాంకు క్యాన్సిల్డ్ చెక్కు అడిగారు. జీవిత బీమా ఏజెంటు కావడానికి పదో తరగతి పాసైతే చాలు, ఆ దరఖాస్తుకు కావలసినవి సరిగ్గా ఈ పత్రాలే. "ఇన్సూరెన్సులో ఏ పోస్టులో చేరినా ఈ ఇండక్షన్ టెస్టు తప్పనిసరి" అని చెప్పి మా బ్యాచ్ చేత రాయించినది ఐసీ-38 పరీక్ష. అది ఏజెంట్ల కోసం పెట్టే పరీక్ష, టీపీఏలో క్లెయిములు చూసే వైద్యులకు దానితో పని లేదు. పాసైన తర్వాత వచ్చిన నియామక పత్రం నాకు చేరనే లేదు. దరఖాస్తులో నా పేరు మీద వాళ్లే తయారు చేసిన మెయిల్ ఐడీ ఇచ్చారు, పత్రం దానికి వెళ్లింది.

ఈలోగా ఒక టీపీఏకు దాని వెబ్‌సైటులోనే నేరుగా దరఖాస్తు చేశాను. రెండు విడతల ఇంటర్వ్యూ అయింది, జీతం మాట్లాడుకోవడం కూడా అయింది. నిన్న ఉదయం ఆ సంస్థ హెచ్ఆర్ నుంచి ఫోన్ వచ్చింది. "డాక్టర్ గారూ, మీ పాన్ మీద ఒక లైఫ్ కంపెనీ ఏజెన్సీ కోడ్ యాక్టివ్‌గా ఉంది. రద్దయినట్లు సర్టిఫికెట్ తెస్తేగానీ ఆఫర్ లెటర్ విడుదల చేయలేం" అన్నారు. పాన్ నంబరుతో ఏజెంట్లను వెతికే వీలు ఐఆర్‌డీఏఐ ఏజెన్సీ పోర్టల్‌లో ఎవరికైనా ఉంది. అక్కడ చూస్తే నా పేరు, కంపెనీ పేరు, నియామక తేదీ అన్నీ కనిపించాయి.

నేరుగా కన్సల్టెన్సీ ఆఫీసుకు వెళ్లాను. ముందు గదిలో కుర్చీల నిండా అభ్యర్థులు ఉన్నారు, చాలామంది చేతుల్లో ప్లాస్టిక్ కవర్లలో పదో తరగతి మెమోలు ఉన్నాయి. నన్ను ఫోన్లో అంత గౌరవంగా పలకరించిన మేడమ్, విషయం చెప్పినంతసేపూ తన మొబైల్ మీద నుంచి చూపు తిప్పలేదు. చివరికి అందరికీ వినపడేలా ఇలా అన్నారు: "ఇన్సూరెన్స్ కంపెనీల పని కావాలన్నవ్, కోడ్ ఇప్పించినం. ఇంకేం ఇప్పించాలమ్మా?"

జీతం ఉన్న క్లెయిమ్స్ ఉద్యోగమని మీరే కదా చెప్పారు అన్నాను. "ఇంట్ల వాళ్లవే నాలుగు పాలసీలు చెయ్, జీతం కంటే ఎక్కువే వస్తది" అన్నారు. నా అనుమతి లేకుండా నా పాన్ ఎలా వాడారని అడిగాను. "పత్రాలు నువ్వే ఇచ్చినవ్, పరీక్ష నువ్వే రాసినవ్, సంతకం నీదే" అని ఒక్కొక్కటీ వేలు మడిచి లెక్కపెట్టారు. డబ్బు తిరిగి ఇవ్వమంటే రసీదు తీయించి చూపారు. అందులో ఉద్యోగం అనే మాటే లేదు, "కౌన్సెలింగ్ ఛార్జీలు" అని ఉంది. ఆ తర్వాత అన్న మాట నాకు రాత్రంతా నిద్ర లేకుండా చేసింది. "హోమియో చదివినోళ్లకు ఏసీ ఆఫీసుల కూసోబెట్టి జీతమెవరిస్తరమ్మా?"

ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువు నాది. ఆ చదువును చూసే ఒక టీపీఏ నన్ను ఎంపిక చేసుకుంది, ఆ ఎంపిక వీళ్ల మోసం వల్ల ఆగిపోయిందని చెప్పడానికి నేను అక్కడికి వెళ్తే, నా చదువు దేనికీ పనికిరాదని నాకే చెప్పి పంపారు. అక్కడ కూర్చున్న వాళ్లలో ఇద్దరు అమ్మాయిలు నావైపు ఆందోళనగా చూస్తుంటే, "మీ పత్రాలు ఇవ్వకండి, ఇది ఏజెంటు పరీక్ష" అని చెప్పాను. వెంటనే వాచ్‌మన్‌ను పిలిచి నన్ను బయటికి పంపించారు. మెట్లు దిగేలోపు నా నంబరు బ్లాక్ చేశారు.

మోసం ఇక్కడితో ఆగడం లేదు. మా బ్యాచ్‌లోని ఒకామెను "చేరిక లాంఛనం" పేరుతో బీమా కంపెనీ బ్రాంచికి పిలిపించి, మొదటి నెల టార్గెట్టు కింద వాళ్ల అమ్మ పేరు మీద పాలసీ కట్టించారు. ఆమెకు చెప్పినదే ఇక్కడ అందరికీ చెబుతున్నాను. పాలసీ పత్రం చేతికి అందిన 30 రోజులలోగా ఫ్రీ లుక్ కింద దాన్ని వెనక్కి ఇవ్వవచ్చు. బీమా రక్షణ ఉన్న రోజులకు రిస్క్ ప్రీమియం, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు డ్యూటీ మినహాయించుకుని మిగతా సొమ్ము కంపెనీ తిరిగి ఇవ్వాలి. అలా కట్టినవాళ్లు బ్రాంచి మేనేజరు మాటలు వింటూ ఆ గడువు దాటనివ్వకండి. కంపెనీ స్పందించకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, ఫోన్ నంబరు 155255.

ఏజెంటు పని తక్కువదని నేను అనడం లేదు. ఊళ్లల్లో ఇల్లిల్లూ తిరిగి పాలసీలు చేయించి, కుటుంబ పెద్ద పోయిన ఇంటికి క్లెయిము సొమ్ము అందేదాకా వెంట ఉండే ఏజెంట్లను చూస్తూ పెరిగాను. ఆ పని కావాలనుకున్న వారికి కంపెనీల తలుపులు తెరిచే ఉన్నాయి, మధ్యలో కన్సల్టెన్సీకి డబ్బు కట్టాల్సిన అవసరం లేదు. జీతం, పీఎఫ్ ఉన్న ఉద్యోగమని చెప్పి, అవి రెండూ లేని కమిషన్ కోడ్ అంటగట్టడమే నేను చెబుతున్న నేరం.

రిక్రూటర్లందరూ ఇలాంటివాళ్లు కారు. నియామకం జరిగితే కన్సల్టెంటుకు ఫీజు కట్టేది కంపెనీయే. సాధారణంగా అది అభ్యర్థి వార్షిక జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. కాబట్టి ప్రాసెసింగ్ అనో, శిక్షణ అనో, ల్యాప్‌టాప్ డిపాజిట్ అనో మిమ్మల్నే డబ్బు అడిగిన చోట నుంచి లేచి వచ్చేయండి. కంపెనీ పేరు, పోస్టు పేరు, జీతం, పని వివరాలు మెయిల్‌లో రాసి పంపమనండి. మీ రెజ్యూమెను ఎవరికి పంపే ముందైనా మిమ్మల్ని అడగాలని అదే మెయిల్‌లో స్పష్టంగా రాయండి. ఆఫర్ లెటర్ రాకముందు పాన్, ఆధార్, క్యాన్సిల్డ్ చెక్కు ఇవ్వకండి, మీ ఫోనుకు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఎల్ఐసీలో, ప్రభుత్వ రంగ జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలలో ఆఫీసరు ఉద్యోగం నేరుగా ఇప్పిస్తామని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం, ఆ నియామకాలు నోటిఫికేషను, పోటీ పరీక్ష ద్వారానే జరుగుతాయి.

ఏజెన్సీని రద్దు చేయమని కోరుతూ బీమా కంపెనీ ఫిర్యాదుల పరిష్కార అధికారికి నిన్న సాయంత్రమే మెయిల్ పెట్టాను. ఏజెంటు రాజీనామా చేస్తే కంపెనీ 15 రోజులలోగా సెసేషన్ సర్టిఫికెట్ (ఏజెన్సీ ముగిసిందనే పత్రం) ఇవ్వాలని నిబంధనలలో ఉంది, ఆ నిబంధనను మెయిల్‌లో ప్రస్తావించాను. నా పేరుతో తప్పుడు మెయిల్ ఐడీ సృష్టించినందుకు, డబ్బు వసూలు చేసినందుకు 1930కి ఫోన్ చేసి సైబర్ నేరాల విభాగంలో ఫిర్యాదు నమోదు చేయించాను. టీపీఏ హెచ్ఆర్ మాత్రం ఈ నెలాఖరు వరకు ఆ పోస్టు నాకోసం ఉంచుతామన్నారు. ఆ కన్సల్టెన్సీ ద్వారా "ఇండక్షన్ టెస్టు" రాసినవారందరూ ఈ రోజే ఏజెన్సీ పోర్టల్‌లో తమ పాన్ నంబరు కొట్టి చూసుకోండి. అక్కడ మీ పేరు కనిపిస్తే ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, డబ్బు కట్టిన రసీదుతో కలిపి భద్రపరచి, మీరు కూడా ఫిర్యాదు చేయండి.